పాలు కనిపెట్టుకుని ఉండండి: పిల్లలతో మాకరోనీ చీజ్, మధ్యలో వాళ్ల ప్రశ్నలు

ఎండాకాలం సెలవులు ఇవ్వగానే మా చెల్లెలి పిల్లలిద్దరూ విజయవాడ పటమట నుంచి గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటికి దిగిపోతారు. పెద్దాడికి పన్నెండేళ్లు, చిన్నదానికి ఎనిమిది. వాళ్లకు రెండే పనులు. ఒకటి ఆకలేయడం, రెండోది "పెద్దమ్మా, ఇది ఎవరు కనిపెట్టారు?" అని అడగడం. మూడేళ్ల నుంచి ఈ రెండింటినీ ఒకే పొయ్యి మీద తేలుస్తున్నాను. అందుకు మాకరోనీ చీజ్ బాగా పనికొస్తుంది. మొత్తం నలభై నిమిషాల పని, అందులో సగం సేపు గరిటె తిప్పుతూ నిలబడటమే. చేతికి పని, నోటికి తీరిక.

మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్లలుంటే కింద రాసినట్టు చేయండి. వంట ఎక్కడ ఆగుతుందో, అక్కడ ఏ ప్రశ్న వస్తుందో, ఏం చెప్పొచ్చో కూడా కలిపే రాస్తున్నాను.

ముందు ఒక మాట. మన తెలుగులో 'కనిపెట్టడం' అనేది తమాషా మాట. లేనిదాన్ని కొత్తగా తయారు చేసినా కనిపెట్టడమే, ఎప్పటినుంచో ఉన్నదాన్ని కనుక్కున్నా కనిపెట్టడమే. "పాలు పొయ్యి మీద పెట్టాను, కాస్త కనిపెట్టుకుని ఉండు" అన్నప్పుడు కాపలా కాయడమూ అదే. పిల్లల ప్రశ్నల్లో చిక్కంతా ఈ మూడూ కలిసిపోవడం వల్లే వస్తుంది. అందుకని వాళ్లు అడగ్గానే నేను పేరు చెప్పను. "తయారు చేసిందెవరనా, కనుక్కున్నదెవరనా, వదలకుండా పట్టుకుని కూర్చున్నదెవరనా?" అని ఎదురు అడుగుతాను. మొదట్లో విసుక్కున్నారు, ఇప్పుడు అలవాటు పడ్డారు.

సరుకులు

నలుగురికి సరిపడా పావుకిలో మాకరోనీ, 200 గ్రాముల చీజ్ దిమ్మ ఒకటి, బటర్ 40 గ్రాములు (100 గ్రాముల ప్యాకెట్‌లో సగానికి కాస్త తక్కువ), మైదా మూడు టేబుల్ స్పూన్లు, చిక్కటి పాలు అరలీటరు. ఆవపిండి అర టీస్పూను, మిరియాల పొడి పావు టీస్పూను, ఉప్పు. పైన చల్లడానికి నాలుగు రస్కులు, రెండు ఎండుమిరపకాయలు. ఇంతే.

మాకరోనీ కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చదవండి. డ్యూరమ్ గోధుమ రవ్వతో చేసింది అయితే ఉడికాక కూడా గొట్టం గొట్టంలాగే ఉంటుంది. వట్టి మైదాతో చేసింది రెండు నిమిషాలు ఎక్కువైతే సంగటి అవుతుంది. రేటులో తేడా ఉంటుంది గానీ ఈ ఒక్క దగ్గర పొదుపు చూడకండి.

చీజ్ దిమ్మే తీసుకోండి. స్లైసులు ఒలుచుకుంటూ కూర్చోవడం వృథా, పైగా ఖరీదు. కొనేముందు ప్యాకెట్ మూలలు వేలితో తడిమి చూడండి. ఒకసారి ఒక షాపులో తెచ్చిన దిమ్మ మూలలు గుండ్రంగా వంగిపోయి ఉన్నాయి. రాత్రిళ్లు ఫ్రిజ్ ఆపేస్తారేమో, కరిగి మళ్లీ గడ్డకట్టింది. తురిమితే పొడి పొడిగా రాలింది. ఇంకొకటి, పనీర్ వేద్దామని చాలామందికి అనిపిస్తుంది. వేయకండి. నిమ్మరసంతో విరగ్గొట్టిన పాలు ఎంత వేడి చేసినా కరగవు, ముక్కలు ముక్కలుగానే ఉంటాయి. రెన్నెట్ అనే ఎంజైమ్‌తో గడ్డకట్టించిన చీజే వేడికి సాగుతుంది, కరుగుతుంది. మొజరెల్లా తీగలు బాగా సాగుతుంది కానీ రుచి తక్కువ. కావాలంటే పావు వంతు కలుపుకోండి.

దిమ్మ తురిమే పని పిల్లలకు ఇవ్వండి. చివరి ముక్క మాత్రం మీరు తీసుకోండి, లేకపోతే వేళ్లు గీసుకుంటాయి. ఇక్కడే మొదటి ప్రశ్న పడుతుంది: చీజ్ ఎవరు కనిపెట్టారు?

మామూలు చీజ్‌కి పేరు లేదు. వేల ఏళ్ల కిందటి సంగతి, ఎవరి కుండలోనో పాలు గడ్డకట్టి ఉంటాయి. కానీ చేతిలో ఉన్న ఈ దిమ్మ, అంటే ప్రాసెస్డ్ చీజ్, దానికి పేర్లున్నాయి. మామూలు చీజ్‌ని బాగా వేడి చేస్తే నూనె ఒక పక్కకి, సాగే ముద్ద ఒక పక్కకి పోతాయి. 1911లో స్విట్జర్లాండ్‌లో వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ స్టెట్లర్ అనే ఇద్దరు సోడియం సిట్రేట్ అనే లవణం కలిపి ఆ రెండూ విడిపోకుండా చేశారు. తర్వాత 1916లో అమెరికాలో జేమ్స్ క్రాఫ్ట్ తన పద్ధతికి పేటెంట్ తెచ్చుకున్నాడు. ఇవాళ జనానికి క్రాఫ్టే గుర్తున్నాడు, మిగతా ఇద్దరూ ఎవరికీ తెలియదు. ఇది విని మా పెద్దాడు "అన్యాయం" అన్నాడు. వాడు ఆ పూట ఆ మాట ఇంకో నాలుగుసార్లు అన్నాడు.

మన గేదె పాల సంగతి కూడా ఇక్కడే చెప్పేయండి. గేదె పాలలో వెన్న ఎక్కువ, దాంతో పాలపొడి చేయడం కుదరదని యూరప్ నిపుణులు తేల్చేశారు. గుజరాత్‌లోని ఆనంద్‌లో హెచ్.ఎం. దలాయా అనే ఇంజినీరు కుదిరించి చూపించాడు. 1955లో అక్కడ గేదె పాలపొడి ఫ్యాక్టరీ మొదలైంది. అమూల్ అంటే అందరం కురియన్ పేరే చెబుతాం. ఆయన పక్కన నిలబడిన ఈ మనిషి పేరు కూడా ఇంట్లో పిల్లలకు తెలిస్తే బాగుంటుంది.

మాకరోనీ ఉడికించడం

పెద్ద గిన్నెలో రెండున్నర లీటర్ల నీళ్లు పెట్టండి. టేబుల్ స్పూనున్నర ఉప్పు వేయండి. ఎక్కువనిపిస్తుంది, కానీ నీళ్లు ఎలాగూ వంపేస్తాం. మాకరోనీ లోపలికి ఉప్పు పట్టే అవకాశం ఇదొక్కటే. నూనె వేయకండి. నూనె పట్టిన మాకరోనీకి తర్వాత సాస్ అంటుకోదు, జారిపోతుంది.

కుక్కర్‌లో పెట్టి రెండు విజిల్స్ రానిస్తే అయిపోదా అంటుంది మా అమ్మ. కుదరదు. పిండి నురగ పైకొచ్చి విజిల్ రంధ్రం మూసుకుంటుంది. కుక్కర్ అనగానే మా పెద్దాడు అందుకున్నాడు. దాని తాతముత్తాత డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచ్ ఆయనది, 1679లో లండన్‌లో చేసి చూపించాడు. గట్టి ఎముకలు కూడా మెత్తబడేట్టు ఉడికించే పాత్ర అది. పేలిపోకుండా దానికో వాల్వు కూడా పెట్టాడు. మీ కుక్కర్ మూత మీది సేఫ్టీ వాల్వు చూపించి చెప్పండి, పిల్లలకు వెంటనే ఎక్కుతుంది. నీళ్లు మరిగి మూత ఎగురుతుంటే జేమ్స్ వాట్ కెటిల్ కథ అడుగుతారు. కెటిల్ మూత చూసి ఆవిరి యంత్రం కనిపెట్టాడన్నది కథ మాత్రమే. 1712కే న్యూకోమెన్ ఆవిరి యంత్రం గనుల్లో నీళ్లు తోడుతోంది. బొగ్గు విపరీతంగా తినే ఆ యంత్రానికి వాట్ ఆవిరిని చల్లబరిచే అర విడిగా పెట్టి పొదుపు నేర్పాడు, 1769లో దానికి పేటెంట్ వచ్చింది.

నీళ్లు కుతకుత మరిగాకే మాకరోనీ వేయండి. వేసిన మొదటి నిమిషం గరిటెతో కలుపుతూ ఉండాలి, లేకపోతే అడుగున అంటుకుంటుంది. ప్యాకెట్ మీద పది నిమిషాలని ఉంటే ఎనిమిదికే దించండి. కొరికి చూస్తే మధ్యలో కాస్త పలుకు తగలాలి. మిగతాది సాస్‌లో ఉడుకుతుంది. వంపేముందు ఒక పెద్ద గ్లాసు ఆ నీళ్లు తీసి పక్కన పెట్టుకోండి. ఇది మర్చిపోతారు, నేను రెండుసార్లు మర్చిపోయాను. గంజిలాంటి ఆ నీళ్లే తర్వాత సాస్‌ని దారికి తెస్తాయి. చిల్లుల గిన్నెలోకి వంపాక చన్నీళ్లు పోసి కడగకండి.

ఈ ఎనిమిది నిమిషాల్లో అసలు ప్రశ్న వచ్చి తీరుతుంది: మాకరోనీ చీజ్ ఎవరు కనిపెట్టారు?

అమెరికాలో చాలామంది థామస్ జెఫర్సన్ అంటారు, ఆ దేశపు మూడో అధ్యక్షుడు. అది తప్పు. ఆయన పుట్టకముందే యూరప్‌లో గొట్టాల పాస్తాలో వెన్న, చీజ్ కలుపుకుని తినేవాళ్లు. ఇవాళ మనం చేసుకునే పద్ధతికి దగ్గరగా, పాలు మైదా సాస్‌తో చేసిన మాకరోనీ, 1769లో ఎలిజబెత్ రాఫాల్డ్ అనే ఇంగ్లీషావిడ అచ్చు వేయించిన వంటల పుస్తకంలో ఉంది. జెఫర్సన్ ఫ్రాన్సులో రాయబారిగా ఉన్నప్పుడు ఈ వంట మరిగాడు. మాకరోనీ మిషన్ బొమ్మ గీసుకున్నాడు, ఇటలీ నుంచి మిషన్ తెప్పించుకున్నాడు. అంతే. పొయ్యి దగ్గర నిలబడింది ఆయన కాదు.

నిలబడింది జేమ్స్ హెమింగ్స్. జెఫర్సన్ ఇంట్లో బానిస. 1784లో జెఫర్సన్ ఇతన్ని పారిస్ తీసుకెళ్లి అక్కడి వంటవాళ్ల దగ్గర పని నేర్పించాడు. తిరిగొచ్చాక అమెరికాలో ఆ ఫ్రెంచ్ వంటలన్నీ వండింది ఇతనే. స్వేచ్ఛ ఇవ్వడానికి జెఫర్సన్ ఒక షరతు పెట్టాడు: నీకు తెలిసిన వంటంతా ఇంకొకరికి నేర్పి వెళ్లు. తమ్ముడు పీటర్‌కి నేర్పి 1796లో బయటపడ్డాడు. వెళ్లేముందు వంటింట్లో ఏయే గిన్నెలున్నాయో తన చేత్తో రాసిచ్చిన జాబితా ఇప్పటికీ ఉంది. 1801లో చనిపోయాడు. ఆ మరుసటి ఏడు, 1802లో, అధ్యక్షుడి ఇంట్లో విందుకు మాకరోనీ వడ్డిస్తే, తిన్న ఒక అతిథి అందులో ఉన్నవి ఉల్లిపాయలేమో అనుకున్నాడు. అస్సలు బాగాలేదని డైరీలో రాసుకున్నాడు.

ఈ కథ పిల్లలకు కాస్త మెల్లగా చెప్పండి. మా చిన్నది "బానిసంటే జీతం ఇవ్వరా?" అని అడిగింది. ఇవ్వరు, పైగా వెళ్లిపోనివ్వరు అని చెప్పాను. తురుముతున్న చీజ్ పక్కన పెట్టి కాసేపు ఊరుకుంది.

సాస్: అసలు కథంతా ఇక్కడే

అడుగు మందంగా ఉన్న గిన్నె సిమ్‌లో పెట్టి బటర్ కరిగించండి. నురగ తగ్గగానే మైదా వేసి చిన్న కవ్వంతో తిప్పండి. పప్పు మెదిపే గుత్తి కాదు, మజ్జిగ చేసుకునే చిన్న స్టీలు కవ్వం. రెండు నిమిషాలు చాలు. రంగు మారకూడదు, వాసన మారాలి. పచ్చి మైదా వాసన పోయి బేకరీ ముందు నుంచి నడిచి వెళుతున్నట్టు బిస్కెట్ వాసన వస్తుంది. అదే గుర్తు.

ఇప్పుడు గోరువెచ్చటి పాలు. ఒకేసారి గుమ్మరిస్తే రవ్వ చల్లకుండా పోసిన ఉప్మాలా ఉండలు కడుతుంది. మొదట చిన్న కప్పుడు పోసి తిప్పండి. ముద్దలా గట్టిపడి భయపెడుతుంది, పర్వాలేదు. ఇంకో కప్పుడు. అది కలిశాక ఇంకోటి. సగం పాలు అయ్యేసరికి జారుడుగా వస్తుంది, మిగతావన్నీ పోసేయొచ్చు. తర్వాత మంట కొంచెం పెంచి ఏడెనిమిది నిమిషాలు తిప్పుతూనే ఉండాలి. గరిటె వెనక వేలితో గీత గీస్తే ఆ గీత కలిసిపోకుండా నిలబడాలి. అప్పుడు అయినట్టు.

మజ్జిగ పులుసులో శనగపిండి ఎందుకు కలుపుతామో మీకు తెలుసు. పిండి లేకుండా మజ్జిగ కాస్తే విరిగిపోతుంది. ఇక్కడ మైదా చేసే పనీ అదే. రేపు చీజ్ వేసినప్పుడు, కాదు, ఇంకో అయిదు నిమిషాల్లో వేసినప్పుడు, అది విరగకుండా పట్టుకునేది ఈ పిండే. మా అమ్మకు ఈ ఒక్క పోలిక చెప్పాక ఈ వంట మీద గౌరవం వచ్చింది. అప్పటిదాకా "పాలల్లో గొట్టాలు" అనేది.

పోయిన వేసవిలో సరిగ్గా ఇక్కడ, పాలు సగం పోశాక, కరెంటు పోయింది. చీకటి, ఉక్క. ఒక చేత్తో కవ్వం, ఇంకో చేత్తో ఫోన్ టార్చ్. "పెద్దమ్మా, బల్బు ఎడిసన్ కనిపెట్టాడుగా?" అన్నాడు పెద్దాడు చీకట్లోంచి.

పాలు తిప్పుతూనే చెప్పాను. కరెంటుతో వెలుగు రావడం ఎడిసన్‌కి ముందే తెలుసు. 1800ల మొదట్లోనే హంఫ్రీ డేవీ చూపించాడు. ఇంగ్లండ్‌లో జోసెఫ్ స్వాన్ కార్బన్ తీగ బల్బుని 1879 మొదట్లోనే న్యూకాజిల్‌లో జనం ముందు వెలిగించాడు. ఎడిసన్ ఆ ఏడాది అక్టోబరులో మసి చేసిన నూలు దారంతో గంటల తరబడి వెలిగే బల్బు చేశాడు. తర్వాత వెదురు నారతో వెయ్యి గంటలు దాటించాడు. చివరికి ఇంగ్లండ్‌లో స్వాన్‌తో కలిసి కంపెనీ పెట్టుకోవాల్సి వచ్చింది. మరి ఎడిసన్ గొప్పేంటి? బల్బు ఒక్కటీ పట్టుకుని ఏం చేస్తారు? దానికి కరెంటు తయారవ్వాలి, వీధుల్లో తీగలు లాగాలి, స్విచ్చులు కావాలి, మీటర్లు కావాలి, నెల తిరిగేసరికి బిల్లు రావాలి. 1882లో న్యూయార్క్‌లో ఎడిసన్ ఇదంతా కలిపి నడిపించాడు. పేరు మీద 1,093 అమెరికా పేటెంట్లున్నాయి. వాటిలో చాలావాటి వెనక ఆయన దగ్గర పని చేసిన వాళ్ల చెమట కూడా ఉంది.

"టెస్లా?" పిల్లలు యూట్యూబ్‌లో చూసి ఎడిసన్‌ని విలన్‌ని చేసేస్తుంటారు. టెస్లా 1884లో అమెరికా వచ్చి ఎడిసన్ దగ్గరే పనిలో చేరాడు, కొన్నాళ్లకు బయటికొచ్చాడు. ఎడిసన్ పట్టుబట్టిన డీసీ కరెంటు, అంటే ఒకే దిక్కుకి పారేది, అప్పట్లో దూరం పోయేది కాదు. టెస్లా ఏసీ వైపు, అంటే దిక్కు మార్చుకుంటూ పారే కరెంటు వైపు నిలబడ్డాడు, ఏసీయే గెలిచింది. మన గోడ ప్లగ్గులో ఉన్నది 230 వోల్టుల ఏసీ. టెస్లా 1888లో పేటెంట్ తీసుకున్న ఇండక్షన్ మోటారు మన ఇళ్లలో మామూలు సీలింగ్ ఫ్యాన్లలో తిరుగుతోంది. ఆ మాట అంటుండగానే కరెంటు వచ్చి ఫ్యాన్ తిరిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనేదో చేశాననుకుంది చిన్నది.

టార్చ్ ఆపేశాక ఫోన్ ప్రశ్న ఎలాగూ వస్తుంది. గ్రాహం బెల్ లాయరూ, ఎలిషా గ్రే లాయరూ ఒకే రోజున, 1876 ఫిబ్రవరి 14న, పేటెంట్ ఆఫీసు మెట్లెక్కారు. మార్చి 7న పేటెంట్ బెల్‌కి వచ్చింది. అంతకు అయిదేళ్ల ముందే, 1871లో, ఆంటోనియో మెయుచ్చి అనే ఇటలీ ఆయన ఇలాంటిదానికే నోటీసు దాఖలు చేసుకున్నాడు. తర్వాత దాన్ని రెన్యువల్ చేయించుకోవడానికి చేతిలో డబ్బుల్లేవు. పెద్దాడు మళ్లీ "అన్యాయం" అన్నాడు. బెల్ చెవిటి పిల్లలకు పాఠాలు చెప్పే టీచరని, గొంతు ఎలా పలుకుతుందో జీవితమంతా చూసినవాడని కూడా చెప్పండి, లేకపోతే పిల్లలు ఆయన్ని దొంగ అనుకుంటారు.

విమానం రైట్ సోదరులదేనా అంటే అవును, 1903 డిసెంబరు 17, మొదటిసారి 12 సెకన్లు, 36 మీటర్లు. మా వీధిలో రెండిళ్ల దూరం కంటే కాస్త ఎక్కువ.

చీజ్ కలపడం

స్టవ్ కట్టేయండి. మళ్లీ చెబుతున్నాను, కట్టేసి ఒక నిమిషం ఆగండి. మొదటిసారి నేను సలసల కాగుతున్న సాస్‌లో చీజ్ మొత్తం ఒకేసారి గుమ్మరించాను. పైన పసుపు నూనె తేలింది, కింద రబ్బరు. పిల్లలు పాపం తిన్నారు. వేడి ఎక్కువైతే చీజ్‌లోని ప్రొటీన్ ముడుచుకుని నూనెని బయటికి నెట్టేస్తుంది, అదీ సంగతి. ప్రాసెస్డ్ చీజ్ కొంత ఓర్చుకుంటుంది, చెడ్డార్ అసలు ఓర్చుకోదు.

గుప్పెడు గుప్పెడుగా వేస్తూ కలపండి, ముందు వేసింది కరిగాకే తర్వాతది. ఆవపిండి, మిరియాల పొడి వేయండి. ఆవపిండి పెట్టడం నా సొంత తెలివి కాదు, పాశ్చాత్యుల వంటల్లో ఉన్నదే. కానీ ఆవకాయకి కొట్టించిన పిండి డబ్బాలో ఉంటుంది గనక గుంటూరులో ఇది వెతుక్కోవాల్సిన పని లేదు. అర స్పూను దాటకండి, చేదొస్తుంది. ఉప్పు చివర రుచి చూసే వేయండి. చీజ్‌లో, బటర్‌లో, మాకరోనీలో ఇప్పటికే ఉంది.

మాకరోనీ వేసి కలపండి. పక్కన పెట్టిన గంజినీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ, గరిటెలో ఎత్తితే మెల్లగా జారేట్టు పలచన చేయండి. గిన్నెలో సరిగ్గా ఉందనిపిస్తే ప్లేటులోకి వచ్చేసరికి గట్టిపడుతుంది. కాబట్టి కాస్త పలచగానే దించండి.

పైన కరకరలాడే పొర కోసం రస్కులు చేత్తో నలిపి, చెంచాడు బటర్‌లో ఎండుమిరపకాయ ముక్కలతో వేయించి చల్లండి. ఓవెన్ ఉన్నవాళ్లు 200 డిగ్రీల దగ్గర పన్నెండు నిమిషాలు పెడితే అంచులు ఎర్రగా వస్తాయి. లేకపోయినా లోటేం లేదు.

ఎండుమిర్చి వేగిన ఘాటుకి మా చిన్నది దగ్గి, "కారం ఎవరు కనిపెట్టారు?" అంది. మిరియాల ఘాటు మనదే. మిరపకాయ మాత్రం అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు వాళ్ల ఓడల్లో వచ్చిందని చెబితే గుంటూరు పిల్లలెవరూ ఒప్పుకోరు. మిర్చి యార్డు దగ్గర బస్సు అద్దాలు మూసుకుని ముక్కు మూసుకునే ఊరు మాది. కారాన్ని కొలిచే పద్ధతికి మాత్రం మనిషి పేరుంది. 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికా ఫార్మసిస్టు, మిరప సారాన్ని చక్కెర నీళ్లలో పలచన చేస్తూ పోయి, అయిదుగురు రుచి చూసేవాళ్లకు కారం తెలియకుండా పోయేదాకా ఎన్ని రెట్లు పలచన చేయాల్సి వచ్చిందో లెక్క కట్టాడు. ఆ లెక్కన గుంటూరు సన్నం సుమారు 35 వేల నుంచి 40 వేల దాకా ఉంటుంది. ఆ అయిదుగురి నాలుకల గురించే మా అమ్మ జాలిపడింది. కారం ఎక్కువైతే నీళ్లు తాగించకండి. పాలలోని కేసిన్ అనే ప్రొటీన్ కారాన్ని నాలుక మీద నుంచి తీసుకుపోతుంది. అందుకే ఈ వంటలో మిర్చి కాస్త ఎక్కువ పడినా చీజే సర్దుకుంటుంది.

తింటూ, మర్నాడు వేడి చేసుకుంటూ

మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టుకుని మర్నాడు తినేయండి. ఒక కప్పుకి రెండు చెంచాల పాలు కలిపి మైక్రోవేవ్‌లో సగం పవర్ మీద నిమిషం, కలిపి మళ్లీ అర నిమిషం. ఫుల్ పవర్ పెడితే మళ్లీ నూనె తేలుతుంది. మైక్రోవేవ్ కథ పిల్లలకు అన్నిటికంటే నచ్చుతుంది. బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన పెర్సీ స్పెన్సర్ అనే ఆయన అమెరికాలో రాడార్ పరికరాలు చేసే కంపెనీలో పని చేసేవాడు. 1945 ప్రాంతంలో ఆ పరికరం దగ్గర నిలబడి ఉంటే జేబులో చాక్లెట్ కరిగిపోయింది. ఇంకొకడైతే చొక్కా పాడైందని తిట్టుకునేవాడు. ఈయన మొక్కజొన్న గింజలు తెప్పించి దాని ముందు పెట్టాడు, పేలాలయ్యాయి. కరిగిన చాక్లెట్ కనుక్కోవడం, పొయ్యి తయారు చేయడం, రెండూ ఒకే మనిషి చేసినవి. మా మూడు ముక్కల ప్రశ్నకి ఇంత చక్కగా కుదిరే జవాబు ఇంకోటి లేదు.

ప్లేట్లు ముందుకొచ్చాక "మనవాళ్లు ఎవరూ లేరా?" అని అడుగుతారు. ఉన్నారు. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్రబోస్ కంటికి కనపడని తరంగాల్ని గోడ దాటించి అవతల గంట మోగించాడు. మార్కోనీ రేడియో పేటెంట్ ఆ మరుసటి ఏడాదిది, నోబెల్ 1909లో మార్కోనీకి వచ్చింది. బోస్‌కి పేటెంట్ల మీద మోజు లేదు. స్నేహితులు పట్టుబడితే ఒకటి తీసుకున్నాడు, 1904లో అమెరికాలో. మా అమ్మ బెజవాడ రేడియో వింటూ పెరిగిన మనిషి. బోస్ పేరు వినగానే "చూశావా" అంది, ఎవరితో అన్నదో తెలియదు.

తెలుగువాళ్లలో అయితే యల్లాప్రగడ సుబ్బారావు గారు. భీమవరంలో 1895లో పుట్టారు. అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి, కండరాలకు శక్తినిచ్చే ఏటీపీ ఎలా ఉంటుందో, ఏం చేస్తుందో తేల్చారు. అది కనుక్కోవడం. తర్వాత మందుల కంపెనీలో ఆయన బృందం చేసినవి తయారు చేయడం: క్యాన్సర్‌కి వాడే మెథోట్రెక్సేట్, బోదకాలుకి వాడే హెట్రజాన్. మా అమ్మమ్మ తరంలో బోదకాలు లేని వీధి ఉండేది కాదు. ఇప్పటికీ ఇంటింటికీ వచ్చి మింగించే డీఈసీ మాత్ర అదే మందు. 1948లో, యాభై మూడేళ్లకే పోయారు. మీరు ఇప్పుడు తిన్న మాకరోనీ కాసేపట్లో ఏటీపీ అయి మేడ మీద పరుగెత్తడానికి పనికొస్తుందని చెప్పాను. పెద్దాడు నిజంగానే మేడ మీదికి పరుగెత్తాడు, ప్లేటు తీయకుండా.

చిన్నది ఇంకో ప్రశ్న దాచుకుంది. "మన జెండా పింగళి వెంకయ్య గారు కనిపెట్టారా?" బెజవాడ పిల్ల కదా. 1921లో అదే ఊళ్లో జరిగిన కాంగ్రెస్ సభల్లో ఆయన గాంధీగారికి జెండా నమూనా చూపించారు. కనిపెట్టడం అంటామా, గీయడం అంటామా అని మేమిద్దరం వాదించుకుంటూ సాస్ గిన్నె దగ్గరికి వెళ్లాం. ఈ గిన్నె తోమేటప్పుడు ఒక చిట్కా: వేడినీళ్లు పోయకండి, పిండీ చీజూ ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. చన్నీళ్లు పోసి అరగంట నానబెడితే పొరలా ఊడొస్తుంది.

చన్నీళ్లు పోస్తుండగా వెనక సుయ్యిమని చప్పుడు, మాడు వాసన. సాయంత్రం కాఫీకని అమ్మ పెట్టిన పాలు పొంగి స్టవ్ నిండా పారుతున్నాయి. హాల్లోంచి అమ్మ కేక: "ఇంతమంది ఉండి ఒక్కళ్లూ కనిపెట్టుకుని లేరా?"